మైదాన్ అంటే మైదానమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అనువాదాలు దిద్దడం నా పని. విదేశీ కథనాల్లో నా ఎర్ర సిరా తరచుగా పడే మాట ఒకటుంది: మైదానం.

అపోహ: తెలిసిన మాటే కదా, ఎక్కడైనా అర్థం అదే.

నిండా ముంచేది ఇదే. పారశీకంలో పుట్టిన మాట అరబ్బీ, టర్కిష్, ఉర్దూల మీదుగా ఎక్కడెక్కడికో పాకింది. పోయిన చోటల్లా వేషం మార్చింది. మనకది ఆటస్థలం, కాదంటే ఏజెన్సీ కాని ప్రాంతం. కైరోలో మీదాన్ అంటే రోడ్లు కలిసే కూడలి. ఇరాన్‌లో వాహనాలు చుట్టూ తిరిగే సర్కిల్‌నూ అలాగే అంటారు. రుమేనియాలో ఊళ్లో పాడుపడి ఉన్న ఖాళీ జాగా. సెర్బియన్‌లో మెగ్దాన్ అంటే ద్వంద్వయుద్ధం. ఇండోనేషియావాళ్లయితే అయస్కాంత క్షేత్రాన్ని 'మేదాన్ మాగ్నెట్' అంటారు!

2011 ఈజిప్టు ఉద్యమం మీద ఒక వ్యాసం నా దగ్గరికొచ్చింది. అందులో 'సైనికులు తహ్రీర్ మైదానం గేట్లు మూసేశారు' అని ఉంది. మూలం తీసి చూస్తే, మూసింది అక్కడికి వెళ్లే దారులు. చౌరస్తాకు గేట్లెక్కడివి? మైదానం అని రాయగానే అనువాదకుడి కళ్ల ముందు స్టేడియం కట్టేసుకుంది, పాపం. అక్కడ కూడలి అని రాస్తే గొడవే లేదు.

అలాగని అన్నిచోట్లా కూడలి అని మార్చేయకండి. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో రాజు షా అబ్బాస్ కట్టించిన నఖ్షె జహాన్ అనే విశాలమైన ఆవరణలో పోలో ఆడేవారు. రాతి గోల్ స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. దాన్ని మైదానం అంటే తప్పేముంది?

అపోహ: పేరులో మైదాన్ వినబడితే మూలం ఇదే.

సెర్బియాలో మైదాన్‌పెక్ అని రాగి గనుల ఊరుంది. అక్కడ మైదాన్ అంటే గని. అది అరబ్బీ 'మఅదిన్' నుంచి టర్కిష్ ద్వారా వచ్చిన వేరే మాట. చెవిని నమ్మి వ్యుత్పత్తి రాసేవాళ్లకు దండం.

అపోహ: ఇది ఉక్రెయిన్ ఉద్యమంలో పుట్టిన మాట.

కాదు. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఆ ఉద్యమం జరిగిన కూడలికి 'మైదాన్ నెజాలెజ్‌నోస్తి' (స్వాతంత్ర్య కూడలి) అన్న పేరు 1991లోనే పెట్టారు. అంతకుముందు అది అక్టోబర్ విప్లవ కూడలి. మాట మాత్రం తుర్కీ భాషల ద్వారా ఎప్పుడో చేరింది. 2013-14 తర్వాత ఉద్యమమనే అర్థం ప్రపంచమంతా పాకింది, అంతే.

అపోహ: కోల్‌కతా మైదాన్ ఆటల కోసం వదిలింది.

1757 ప్లాసీ యుద్ధం తర్వాత కట్టిన కొత్త ఫోర్ట్ విలియం ఫిరంగులకు అడ్డు లేకుండా అడవి కొట్టించిన జాగా అది. ఆటలు తర్వాత వచ్చాయి.

ఇక 'సంస్కృత మధ్యమే మైదాన్ అయింది' అనే ఫార్వర్డు. ప్రాచీన ఇరానీ భాష అవెస్తాలో 'మైద్య' ఉంది, మన 'మధ్య'కు తోబుట్టువు. చుట్టరికం చెప్పాలంటే ఆ ఇరానీ మాట వైపు నుంచి చెప్పుకోవాలి.

ఈమధ్య కొత్తగా ఈ పనిలోకి వచ్చిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. "సార్, మైదానం పరాయి మాటట. తీసేయమంటున్నారు. అన్నిచోట్లా బయలు అని మార్చేయనా?" గొంతులో భయం. పారశీకమని తీసేస్తే బజారు, రోజు, దరఖాస్తు కూడా తీసేయాలమ్మా అన్నాను. బయలు కుదిరిన చోట బయలు రాయి. క్రికెట్ ఆడే చోట మైదానమే ఉంచు. ఎవరైనా అడ్డు చెబితే నా నంబరివ్వు.