బొచ్చు బొమ్మకు ప్రాణం పోసేదేమిటి? అపోహలు – వాస్తవాలు

కళ్ళు లేవు, కాళ్ళు లేవు, వేరే గ్రహం నుంచి ఊడిపడ్డ బొచ్చు ఉండ. ఒళ్ళో పెట్టుకుని నిమిరితే గురగురలాడుతుంది, తలకిందులు చేస్తే కీచుమంటుంది. ఇలాంటి బొమ్మలు చేయడం నేర్చుకోవడానికి నా దగ్గరికి రెండు రకాల వాళ్ళు వస్తారు. బోర్డులు, కోడ్ తెలిసి సూది పట్టుకోనివాళ్ళు ఒక రకం. కుట్టు బాగా వచ్చి, వైరు చూస్తే టెన్షన్ పడేవాళ్ళు రెండో రకం. అపోహలు ఎక్కువగా మొదటి రకం వాళ్ళలోనే చూస్తుంటాను.

అపోహ: ముందు సర్క్యూట్ పూర్తి చేసి, చివర్లో బొచ్చు తొడిగేస్తే చాలు.

ఈ పనిలో గుడ్డే సగం సర్క్యూట్. టేబుల్ మీద చక్కగా పనిచేసిన స్పీకర్‌ని దిండ్లలో నింపే రెక్రాన్ మధ్యలో పెట్టండి, ఆ కీచు గొంతు కాస్తా గొణుగుడు అయిపోతుంది. దూది, పాలియెస్టర్ సన్నటి శబ్దాలనే ముందు మింగేస్తాయి. అందుకే స్పీకర్‌ని చిన్న ప్లాస్టిక్ డబ్బీలో బిగించి, వెనక వైపు గాలి పోకుండా మూసి, ముందు వైపు గుడ్డకు ఆనించి కుట్టాలి. మధ్యలో దూది ఉండకూడదు.

వైబ్రేషన్ మోటారుదీ ఇదే కథ. వదులుగా వదిలేస్తే దాని కదలిక దూదిలోనే చచ్చిపోతుంది. దాన్ని గట్టి ప్లాస్టిక్ మూతకు అతికించి, ఆ మూతను బొచ్చుగుడ్డ లోపలి వైపు నాలుగు చోట్ల కుట్టి చూడండి. అప్పుడు గురగుర వేళ్ళకు తెలుస్తుంది.

టచ్ సెన్సర్ కోసం రాగి టేపు ముక్కను కూడా గుడ్డ లోపలి ముఖానికే అతికించాలి, దూది వెనక కాదు. సెన్సర్ ఎంత తాకిడికి స్పందించాలో ఆ హద్దును బొమ్మ నింపాకే కోడ్‌లో సరిచేసుకోవాలి. నింపకముందు తీసుకున్న రీడింగ్ నింపాక పనికిరాదు.

ఇంకొకటి, బొచ్చుకు వాలు ఉంటుంది. చెయ్యి ఏ వైపు జారుతుందో సెన్సర్ ఆ దారిలో ఉండాలి. గుడ్డను కత్తిరించేటప్పుడు వెనక్కి తిప్పి, బ్లేడుతో కింది పొరను మాత్రమే కోయండి. కత్తెర పెడితే అంచున బొచ్చు తెగిపోయి కుట్టు బయటపడుతుంది.

అపోహ: ఎక్కువ మోటార్లు ఉంటేనే బొమ్మ బతికున్నట్టు అనిపిస్తుంది.

1998లో అమెరికాలో వచ్చిన ఫర్బీ బొమ్మ కళ్ళు, చెవులు, నోరు కదిపేది. లోపల ఉన్నది ఒకే ఒక్క మోటారు, దానికి కొన్ని క్యామ్‌లు (తిరుగుతూ మిగతా భాగాలను నెట్టే వంకర చక్రాలు). మన బొచ్చు ఉండకు ఒక వైబ్రేషన్ మోటారు, ఒక టిల్ట్ స్విచ్ (బొమ్మ వంగితే పసిగట్టేది), ఒక టచ్ సెన్సర్ ఉంటే బోలెడు చెప్పించవచ్చు.

ప్రాణం ఉన్నట్టు అనిపించేది స్పందన వేగంలో. తాకిన వెంటనే ఏదో ఒకటి జరగాలి. డీఎఫ్‌ప్లేయర్ మినీ లాంటి ఎంపీ3 మాడ్యూల్ ఫైలు తెరవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. కాబట్టి ముందు మోటారు మొదలుపెట్టి, వెనకే శబ్దం రానివ్వండి. మోటారును ఒక్కసారిగా ఆన్ చేయకుండా, పీడబ్ల్యూఎమ్‌తో (కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ బలాన్ని మార్చే పద్ధతి) మెల్లగా పెంచి మెల్లగా తగ్గిస్తే ఊపిరి తీసినట్టు ఉంటుంది. ప్రతిసారీ అదే వ్యవధి పెట్టకండి. నాలుగోసారికే పిల్లలు పసిగట్టేస్తారు.

అపోహ: మైకు, ఏఐ ఉంటేనే బొమ్మ "నేర్చుకుంటుంది".

ఫర్బీ మన మాటలు వినేసి నేర్చుకుంటుందని చాలామంది నమ్మారు. 1999లో అమెరికా నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీ తన ప్రాంగణంలోకి దాన్ని రానివ్వలేదు కూడా. నిజానికి దానికి రికార్డు చేసే శక్తే లేదు. రోజులు గడిచేకొద్దీ సొంత భాష తగ్గించి ఇంగ్లీషు మాటలు పెంచేలా ముందే రాసిపెట్టారు, అంతే.

మీరూ "మచ్చిక" అని ఒక లెక్క పెట్టుకోండి. నిమిరితే పెరుగుతుంది, విసిరితే తగ్గుతుంది. తక్కువ ఉంటే భయపడే శబ్దం, ఎక్కువ ఉంటే గురగుర. మన కోడ్‌ని నడిపే చిన్న బోర్డు ఆర్డుయినో నానోలో 1 కేబీ ఈఈప్రామ్ (కరెంటు పోయినా చెరగని జ్ఞాపకం) ఉంది, స్విచ్ ఆపినా ఆ లెక్క నిలుస్తుంది. ఒక్కో గడి లక్షసార్లు రాయడానికి మాత్రమే హామీ ఉంటుంది కాబట్టి, తాకిన ప్రతిసారీ కాకుండా కొన్ని నిమిషాలకోసారి రాయండి.

అపోహ: చిన్న మోటారే కదా, నేరుగా పిన్‌కి కలిపేయొచ్చు.

వద్దు. నానో పిన్‌కి 40 మిల్లీఆంపియర్లే గరిష్ఠ హద్దు. నాణెం ఆకారంలో ఉండే వైబ్రేషన్ మోటారు అంతకన్నా ఎక్కువే లాగుతుంది. మధ్యలో స్విచ్‌లా పనిచేసే 2ఎన్2222 ట్రాన్సిస్టర్, పిన్ నుంచి దాని బేస్ అనే కాలికి 1 కిలోఓమ్ రెసిస్టర్, మోటారు రెండు తీగల మధ్య తిరగేసి ఒక డయోడ్ పెట్టాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇవన్నీ చిల్లర ఖర్చుకే దొరుకుతాయి.

అపోహ: ఫోన్‌లో ఉండేదే కదా, లిథియం బ్యాటరీ పెట్టేద్దాం.

ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడను. ఫోన్‌ని ఎవరూ పిసకరు, బొమ్మను పిసుకుతారు, కొరుకుతారు, మీద కూర్చుంటారు. పలుచటి సంచిలా ఉండే లిథియం సెల్ నలిగితే నిప్పు అంటుకోవచ్చు, చుట్టూ ఉన్నది కరిగి మండే పాలియెస్టర్. పైగా మార్కెట్లో దొరికే టీపీ4056 ఛార్జింగ్ బోర్డు మామూలుగా 1 ఆంపియర్‌కి సెట్ అయి వస్తుంది. 300 ఎంఏహెచ్ చిన్న సెల్‌కి తగిన 300 మిల్లీఆంపియర్లతో పోలిస్తే అది మూడు రెట్లకు పైనే.

పిల్లల బొమ్మకు నాలుగు ఏఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్, స్క్రూతో బిగించే మూత ఉన్న డబ్బా పెట్టండి. ఫుల్ ఛార్జ్‌లో అవి 5 వోల్టులు దాటుతాయి కాబట్టి మధ్యలో కాస్త వోల్టేజీ తగ్గించే 1ఎన్4007 డయోడ్ ఒకటి వేస్తే సరి. బటన్ సెల్స్ జోలికి మాత్రం అసలు వెళ్ళకండి. పసివాడు మింగితే గొంతులో రెండు గంటల్లోనే తీవ్రంగా కాలిన గాయం చేయగలవు.

అపోహ: బాగా కుదిరింది కదా, ఆన్‌లైన్‌లో అమ్మేయొచ్చు.

ఇంట్లో పిల్లలకు ఇవ్వడం వేరు, అమ్మడం వేరు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళలోపు పిల్లల కోసం అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. రిజిస్టరైన హస్తకళాకారుల్లాంటి కొందరికే మినహాయింపు ఉంది. కరెంటుతో (బ్యాటరీతో అయినా సరే) పనిచేసే బొమ్మలకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15644. అమ్మే ఆలోచన ఉంటే బొచ్చుగుడ్డ కొనకముందే దాన్ని చదవండి, ఎందుకంటే బ్యాటరీ డబ్బా ఎలా మూయాలన్న దగ్గర్నుంచి మీ డిజైన్ దాని మీదే ఆధారపడుతుంది.