ఆపరేషన్‌కీ టీకాకీ ముడి పడిన చోటు

వీధి కుక్కల గొడవ మళ్లీ రాజుకుంది. 2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి జిల్లాల్లో వందల కుక్కలను చంపేశారంటూ పోలీసు కేసులు నమోదయ్యాయి, సర్పంచ్ ఎన్నికల్లో ఇచ్చిన హామీ కోసమే ఆ పని చేశారని ఆరోపణ. దానికి రెండు నెలల ముందే, 2025 నవంబర్ 7న, స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తీసేయాలని, పట్టిన చోట మళ్లీ వదలొద్దని సుప్రీంకోర్టు చెప్పింది. చంపాలా, షెల్టర్లలో పెట్టాలా, ఉన్నచోటే ఉంచాలా అని ఊరూరా వాదనలు నడుస్తున్నాయి. ఈ మూడింట్లో ఏది చేసినా రేబిస్ దానంతట అది పోదు. ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పడం లేదు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం గురించి ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టను. నా లెక్కలో అసలు మలుపు 2001 డిసెంబర్. జంతు హింస నివారణ చట్టం కింద కేంద్రం ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్, అంటే జంతువుల సంతాన నియంత్రణ) రూల్స్ తెచ్చింది అప్పుడే. అంతవరకూ చాలా మున్సిపాలిటీలకు తెలిసిన పద్ధతి చంపడమే. జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ లెక్క ప్రకారం 1995 నాటికి ఒక్క చెన్నైలోనే రోజుకు 135 కుక్కల దాకా చంపేవాళ్లు, అయినా వీధుల్లో కుక్కలూ తగ్గలేదు, జబ్బూ తగ్గలేదు. ఆ చంపడాన్ని ఆపి, కుక్కను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలన్నాయి కొత్త రూల్స్. ఆ రోజుకు అది చాలా మంచి అడుగు, అందులో నాకు అనుమానం లేదు.

కానీ ఆ రూల్స్ అమల్లోకి వచ్చిన తీరులోనే చిక్కుముడి పడింది. టీకా ఆపరేషన్ వెనక నడిచే పని అయిపోయింది. ఆపరేషన్ అంటే సెంటర్ కావాలి, డాక్టర్ కావాలి, కోసిన కుట్లు మానేదాకా కుక్కను నాలుగైదు రోజులు ఉంచుకోవడానికి బోన్లు కావాలి. టీకాకైతే వల పట్టుకున్న మనుషులు, ఐస్ బాక్సు, రెండు నిమిషాల టైమ్ చాలు. ఈ రెండో పనిని మొదటి దానికి కట్టేసేసరికి, ఏ ఊళ్లో ఎన్ని ఆపరేషన్లు అయితే దాదాపు అన్నే టీకాలు. బిల్లులు కూడా ఆపరేషన్ల లెక్కనే. పైగా ఆపరేషన్ జన్మకు ఒక్కసారి సరిపోతుంది, టీకా మాత్రం మళ్లీ మళ్లీ వేయాలి. ఆపరేషన్ అయిందన్న గుర్తుగా చెవి కత్తిరించి ఉంది కదా అని మనం ధైర్యంగా చూసే కుక్కకు మూడేళ్ల కిందట వేసిన టీకా తప్ప ఇంకేమీ పడి ఉండకపోవచ్చు. ఆపరేషన్ వయసు రాని కుక్కపిల్లలైతే అసలు లెక్కలోకే రావు, వీధిలో చిన్నపిల్లలు ఎత్తుకుని ఆడించేదేమో వాటినే.

ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు ఏటా టీకా పడితే వైరస్ ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు పాకే దారి తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది. మెక్సికో ఆ దారిలోనే నడిచి, కుక్కల వల్ల మనుషులకు వచ్చే రేబిస్ లేని దేశంగా 2019లో గుర్తింపు తెచ్చుకుంది. అడవి జంతువుల విషయంలోనూ ఇంతే. 1978లో స్విట్జర్లాండ్‌లో నక్కల కోసం కోడి తలల్లో టీకా మందు పెట్టి వదిలారు, 1999కల్లా ఆ దేశం రేబిస్ లేనిదైంది. ఇండోనేసియాలోని ఫ్లోరెస్ దీవిలో 1997లో జబ్బు అడుగుపెట్టినప్పుడు లక్షల కుక్కలను చంపారు, జబ్బు మాత్రం అక్కడే ఉండిపోయింది.

అంత దూరం ఎందుకు, గోవా ఉంది. 2013లో అక్కడ మిషన్ రేబిస్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పని మొదలుపెట్టారు, తర్వాత రాష్ట్ర ప్రభుత్వం కూడా కలిసింది. ఆపరేషన్ కోసం ఆగకుండా వలలు పట్టుకుని వీధి వీధీ తిరిగారు, పెంపుడు కుక్కలున్న ఇళ్ల తలుపులు తట్టారు, పిల్లలకు స్కూళ్లలో చెప్పారు, పిచ్చికుక్క కనిపించిందని ఫోన్ వస్తే వెంటనే వెళ్లారు. ఏడాదికి దాదాపు 95 వేల కుక్కలకు టీకాలు వేశారు. 2022లో వచ్చిన అధ్యయనం ప్రకారం కుక్కల్లో రేబిస్ 92 శాతం తగ్గింది, 2017 తర్వాత అప్పటివరకు అక్కడ రేబిస్‌తో ఒక్క మనిషీ చనిపోలేదు. కుక్కలు ఎక్కడికీ పోలేదు, ఆ వీధుల్లోనే ఉన్నాయి.

2025 ఆగస్టులో కోర్టు గొడవ జరిగినప్పుడు ఈ అనుభవం మీదే చర్చ నడవాల్సింది. ఆగస్టు 11న ఇద్దరు జడ్జిల బెంచ్ ఢిల్లీ చుట్టుపక్కల కుక్కలన్నిటినీ షెల్టర్లకు పంపమంది. 22న ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని మార్చి, రేబిస్ ఉన్నవీ మీద పడి కరిచేవీ తప్ప మిగతా వాటిని ఆపరేషన్ చేసి, టీకా వేసి పట్టిన చోటే వదలమంది. దేశమంతా ‘వదలాలా వద్దా’ దగ్గరే ఆగిపోయింది, ఏటా టీకా ఎవరు వేస్తారన్న ప్రశ్న పక్కకు పోయింది.

కుక్కలను తీసేయమనేవాళ్ల బాధ నిజం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపిన వీడియో చూసినవాళ్లకు ఏ శాస్త్రమూ ఊరటనివ్వదు. అయితే అది గుంపుగా దాడి చేసే కుక్కల సమస్య, దానికి మందు వేరు, చెత్తకుప్పల దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

రేబిస్ వేరే రకంగా చంపుతుంది. 2024లో 37 లక్షల కుక్కకాట్లు, 54 అనుమానిత రేబిస్ మరణాలు అని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం అంచనా మాత్రం ఏడాదికి 5,726 మరణాలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్నవాళ్లు ఏ రికార్డుకూ ఎక్కలేదు. లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు, అందుకే కరిచిన వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి పరిగెత్తాలి, పసరు మందుల జోలికి వెళ్లకూడదు.

కుక్కలకు వేసే రేబిస్ టీకా హైదరాబాద్‌లోనే తయారవుతోంది. 2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబిస్‌ను లేకుండా చేస్తామని 2021 సెప్టెంబర్ 28న కేంద్రం ప్రకటించిన ప్రణాళిక కూడా అడిగేది 70 శాతం కుక్కలకు టీకానే, అదీ వరుసగా మూడేళ్లు. ఆ లెక్కన ప్రతి మున్సిపాలిటీ, ప్రతి పంచాయతీ మొదటి విడత టీకాలను ఆలస్యంగా అంటే 2027లోనైనా మొదలుపెట్టి తీరాలి.