ఉద్యోగం వదిలి సొంత సాఫ్ట్‌వేర్ వ్యాపారం: అపోహలు - వాస్తవాలు

కార్పొరేట్ ఉద్యోగంలో కోడ్ రాసి, ఇప్పుడు చిన్న సాఫ్ట్‌వేర్ వ్యాపారం నడుపుకుంటున్నాను. ఇటు రావాలనుకునే ప్రోగ్రామర్లు ఏ భాషలో రాయాలి, ఏ క్లౌడ్ తీసుకోవాలి అని అడుగుతారు. "ఎవరికి అమ్ముతారు?" అని నేను అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. కింది అపోహల్లో సగం అక్కడ పుట్టినవే.

అపోహ: ప్రోడక్ట్ బాగుంటే కస్టమర్లు వాళ్లే వస్తారు.

రారు. ఉద్యోగంలో పని మనకు టికెట్ రూపంలో, అంటే ఫలానాది చేయమనే చీటీలా అందుతుంది. అంతకుముందే ఎవరో కస్టమర్‌ని వెతికి పట్టుకుని, డెమో ఇచ్చి, ధర మీద బేరమాడి ఉంటారు. అదేదీ మన కంటబడదు కాబట్టి అసలు లేదనుకుంటాం. సొంతంగా దిగాక అవన్నీ మన నెత్తినే పడతాయి.

కోడ్ మొదలుపెట్టే ముందు, మీ సాఫ్ట్‌వేర్ ఏ పని కోసమో ఆ పని రోజూ చేసేవాళ్ల పక్కన కూర్చుని చూడండి. నాలుగు ఎక్సెల్ షీట్లు, ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని తంటాలు పడుతున్నారంటే అక్కడ ఏదో అవసరం ఉన్నట్టే. "బాగుంది, రెడీ అయ్యాక చెప్పండి" అన్న మాటను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. అడ్వాన్స్ ఇస్తే తీసుకోండి.

అపోహ: సబ్‌స్క్రిప్షన్ పెడితే నెలనెలా జీతంలా డబ్బు వస్తుంది.

వస్తుంది, కానీ కారుతూ వస్తుంది. నెలకు 5 శాతం మంది మానేస్తారనుకోండి. వినడానికి చిన్న అంకె. ఈరోజు ఉన్న 100 మందిలో ఏడాది తిరిగేసరికి మిగిలేది దాదాపు 54 మంది. నెలకు 20 మంది కొత్తవాళ్లు వస్తున్నా మీ వ్యాపారం 400 మంది దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ సమానం. మానేసేవాళ్లను 2.5 శాతానికి తగ్గించగలిగితే అదే 20 మందితో 800 దాకా వెళ్లొచ్చు. అందుకే కొత్త ఫీచర్ కన్నా సపోర్ట్ మెయిల్‌కి జవాబివ్వడమే చాలా రోజుల్లో ఎక్కువ లాభం. (ప్రోగ్రామర్‌కి ఇది మింగుడుపడదు. నాకూ పూర్తిగా పడలేదు.)

ఇంకొకటి, మానేసినవాళ్లలో కొందరికి తాము మానేసిన సంగతే తెలియదు. కార్డు గడువు తీరి పేమెంట్ ఫెయిలై ఉంటుంది. ఒక రిమైండర్ మెయిల్ పెడితే వాళ్లలో కొందరు తిరిగొస్తారు.

అపోహ: ధర తక్కువ పెడితేనే కొంటారు.

ధర రెట్టింపు చేశాక సగం మంది పోయినా ఆదాయం తగ్గదు, సపోర్ట్ పని మాత్రం సగమవుతుంది. ఇక యాప్ స్టోర్‌లో అమ్మేవాళ్లు ఆపిల్ కమిషన్ కూడా లెక్కేసుకోవాలి. మామూలుగా అది 30 శాతం. ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు సంపాదించే డెవలపర్లకు 2021 నుంచి 15 శాతం పథకం ఉంది, కానీ దానికి మనమే నమోదు చేసుకోవాలి.

అపోహ: ఇన్వెస్టర్ లేకుండా కుదరదు.

వ్యాపారాలు తమ కస్టమర్లకు మెయిల్స్ పంపుకునే సర్వీసు మెయిల్‌చింప్ 2001లో ఒక వెబ్ డిజైన్ ఏజెన్సీకి పక్కపనిగా మొదలైంది. బయటి పెట్టుబడి లేకుండానే పెరిగింది. 2021లో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇన్‌ట్యూట్ దాన్ని దాదాపు 1,200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2004లో వచ్చిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ బేస్‌క్యాంప్ కూడా ఒక వెబ్ డిజైన్ సంస్థ తన ప్రాజెక్టుల కోసం తయారుచేసుకున్నదే. రెండు చోట్లా క్లయింట్ పనుల మీద వచ్చిన డబ్బే ప్రోడక్ట్‌ని నిలబెట్టింది. ఇవి గెలిచినవాళ్ల కథలని గుర్తుంచుకోవాలి. అలాగే మొదలుపెట్టి మూతపడినవాటి గురించి రాసేవాళ్లు తక్కువ.

ఇలా క్లయింట్లకు పని చేసిపెట్టే కన్సల్టింగ్‌తో ఒక చిక్కుంది. ఒకే క్లయింట్ నుంచి ఆదాయంలో సగానికి పైగా వస్తుంటే, దాన్ని సెలవుల్లేని ఉద్యోగమనే అనుకోవాలి.

అపోహ: సాయంత్రాలు ఇంట్లో రాసిన కోడ్ నాదే.

మీ ఉద్యోగ ఒప్పందం ఏమంటుందో చూడండి. ఉద్యోగంలో ఉండగా తయారుచేసిన ప్రతిదీ కంపెనీదే అనే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. అది ఎంతవరకు చెల్లుతుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. కంపెనీ ల్యాప్‌టాప్ మీద రాస్తే మీ వాదన ఇంకా బలహీనపడుతుంది. రిజైన్ చేశాక కాదు, మొదటి లైను రాయకముందే ఆ కాగితాలు లాయర్‌కి చూపించండి.