సీల్డ్ బ్యాటరీ కొన్నాక పట్టించుకోనక్కర్లేదా?

"నీళ్లు పోసే పని లేదు కదా, ఇక దాని జోలికెళ్లక్కర్లేదు." డీప్ సైకిల్ వాడకానికి, అంటే ఛార్జ్‌లో చాలా భాగం వాడి మళ్లీ నింపుకునే పనికి, సీల్డ్ (మూసేసిన) లెడ్-యాసిడ్ బ్యాటరీ తీసుకునేవాళ్లలో చాలామంది మాట ఇదే. పాత ఫ్లడెడ్ (నీళ్లు పోసే) బ్యాటరీ తీసేస్తారు, అదే ఛార్జర్‌కు, అదే సెట్టింగ్‌లో కొత్తది తగిలించేస్తారు. డబ్బు పోయేది సరిగ్గా అక్కడే.

ఫ్లడెడ్‌లో ఛార్జింగ్ చివర పుట్టే గ్యాస్ బయటికి పోతుంది, తగ్గిన నీళ్లు మనం పోస్తాం. సీల్డ్‌లో ఆక్సిజన్ నెగటివ్ ప్లేటు దగ్గరికి చేరి తిరిగి నీరవుతుంది. వోల్టేజి హద్దు దాటితే అలా కలిసేదానికన్నా పుట్టే గ్యాసే ఎక్కువై వాల్వ్ తెరుచుకుంటుంది. పోయిన తేమ పోయినట్టే, మళ్లీ నింపే దారి లేదు. సీల్డ్‌లో రెండు రకాలు: యాసిడ్‌ను గాజు పీచు పీల్చుకుని ఉండేది ఏజీఎం, యాసిడ్ జెల్లీలా ఉండేది జెల్. 12 వోల్టుల బ్యాటరీకి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అబ్సార్‌ప్షన్ వోల్టేజి (ఛార్జింగ్ చివరి దశలో నిలిపి ఉంచేది) ఏజీఎంకు సుమారు 14.4–14.7, జెల్‌కు 14.1–14.2. ఫ్లడెడ్‌కు 14.8 దాకా పెట్టొచ్చు. సెల్లులన్నీ సమానం కావడానికి కావాలనే ఎక్కువ ఛార్జ్ చేసే ఈక్వలైజేషన్, అంటే 15.5 దాటే వోల్టేజి, మాత్రం ఫ్లడెడ్‌కే, జెల్‌కు పెడితే ఇక దాని మీద ఆశ వదులుకోవాలి. కంపెనీ ఇచ్చే డేటాషీట్‌లో అంకె వేరుగా ఉంటే దాన్నే పాటించండి. ఛార్జర్ టెంపరేచర్ సెన్సర్‌ను గోడకు కాదు, బ్యాటరీ ఒంటికే అతికించాలి. 25 దాటాక ప్రతి డిగ్రీకీ ఛార్జింగ్ వోల్టేజి 0.02–0.03 వోల్టు తగ్గాలి. పక్కలు ఉబ్బినా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా ఛార్జింగ్ వెంటనే ఆపేయండి.

"డీప్ సైకిలే కదా, మొత్తం వాడేసుకోవచ్చు" అన్నదీ తప్పే. ఏ రకమైనా సగం ఛార్జ్ వాడి ఆపితేనే ఎక్కువ కాలం వస్తుంది. లోడు తీసి కొన్ని గంటలు ఆగాక 12.2 వోల్టులు చూపిస్తే సగానికొచ్చినట్టు. ఖాళీ అయినదాన్ని అలాగే వదిలేస్తే ప్లేట్లకు సల్ఫేట్ గట్టిపడుతుంది. అదే రోజు నిండా ఛార్జ్ చేయండి.

ఫ్లడెడ్‌లో మట్టం తగ్గితే యాసిడ్ పోస్తారు కొందరు. ఆవిరయ్యేదీ, గ్యాసయ్యేదీ నీరే, యాసిడ్ లోపలే ఉంటుంది. అందుకని డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే, అదీ ఛార్జింగ్ పూర్తయ్యాకే. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం ముందు అవి మునిగేదాకా పోసి, ఛార్జ్ చేశాక మిగతాది నింపాలి. ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ మూతల మీదికొస్తుంది. నిండా ఛార్జైన సెల్‌లో హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత కొలిచే సాధనం) 1.265–1.280 మధ్య చూపాలి. సెల్లుల మధ్య తేడా 0.030 దాటితేనే ఈక్వలైజ్ చేయండి.

సిమెంటు నేల మీద పెడితే ఛార్జ్ దిగిపోతుందన్నది ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు వర్తించదు. సీల్డ్ బ్యాటరీ ఇంట్లో పెట్టాలంటే భయపడేవాళ్లు ఛార్జర్ సెట్టింగ్ సరిచూసుకుంటే చాలు, మామూలుగా బయటికొచ్చే గ్యాస్ చాలా తక్కువ. గాలి ఆడని పెట్టెలో మాత్రం బిగించకండి.