వాన చలిని తెచ్చిందా?

చిరంజీవులకు అబ్బ ఆశీస్సులు.

మొన్న ఢిల్లీ నుంచి పాప ఫోన్ చేసి అడిగింది. "అబ్బా, రాత్రి వాన పడింది. తెల్లారి మబ్బు పోయి ఎండ కూడా వచ్చింది. అయినా ఇంత చలేంది? వాన తెచ్చిందా?" ఫోన్‌లో సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. ఎర్రగుంట్లలో ఉన్న పిల్లలూ చదవండి.

వాన చలిని తేలేదు పాపా. వాన కురవడంలో చలిగాలికీ చెయ్యుంది.

మన నాపరాళ్ల గని గుర్తుందా? బండ కింది సందులో గడ్డపార మొన దూర్చి తోస్తే, నలుగురు మోయలేని బండ కూడా లేస్తుంది. చలిగాలి బరువైనది, నేలను అంటుకొని వస్తుంది. ముందున్న వెచ్చని గాలి తేలిక. చలిగాలి గడ్డపార మాదిరి దాని కిందికి దూరి పైకెత్తుతుంది. పైకి పోయిన గాలి చల్లబడి, అందులోని తేమ మబ్బయి కురుస్తుంది. గని పనిలో మా నాయన బండ లేపగానే కింద కొత్త రాయి కనబడేది. ఎండ ఎరగని రాయి, చెయ్యి పెడితే జిల్లుమనేది. వాన వెలిశాక నీకు తగిలిన గాలి అదే పాపా, బండ కింది చల్లదనం.

1919 ప్రాంతంలో నార్వే శాస్త్రవేత్తలు ఈ గాలుల సరిహద్దుకు ఫ్రంట్ అని పేరు పెట్టారు. అప్పుడే మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది, సైన్యాలు ఎదురుపడే చోటు పేరే దీనికీ వచ్చింది. నాకైతే గడ్డపారే నచ్చుతుంది.

మీ ఢిల్లీ చలికాలపు వానలు మధ్యధరా సముద్రం వైపు నుంచి బయలుదేరి, హిమాలయాల మీద మంచు కురిపిస్తూ వస్తాయి. వాటి వెనకాలే చలిగాలి. కడప జిల్లా దాకా వచ్చేసరికి ఆ గాలిలో వాన మిగలదు. మన చలి చాలావరకు ఇక్కడే పుడుతుంది. మబ్బు లేని రాత్రి నేలలోని వేడి దుప్పటి లేని పిల్లోడి ఒంటివేడి మాదిరి పైకి పోతుంది.

ఆ చలిలోనే నేను నల్లరేగడిలో పప్పుశనగ చేనికి కాపలా పోయేవాణ్ణి. కాళ్లు పగిలి మండేవి. ఆకుల మీద మంచుకు వేలు తగిలించి నాకితే పుల్లగా ఉండేది. శనగాకు పులుపంతా ఆ మంచులోకి దిగుతుంది. వాన లేకపోయినా, నల్లరేగడి దాచుకున్న తేమతో, ఆ చలితో చేను పండేది. చలిని తిట్టుకోకండి నాయనా, దానివల్ల మనం అన్నం తిన్నాం.

ఎర్రగుంట్ల పిల్లలూ, రేపు పొద్దు పొడవకముందే మిద్దె ఎక్కండి. పొయ్యిల పొగ ఎంత ఎత్తుకు లేచి, ఎక్కడ ఆగి, ఊరిమీద ఎట్లా పరుచుకుంటుందో చూడండి. ఎందుకని ఇప్పుడే అడగొద్దు. ముందు చూడండి.

పాపా, నువ్వు ఈసారి వాన పడేముందు ఒకసారి, వెలిశాక ఒకసారి, గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో చూసి నాకు రాయి.

మీ అబ్బ