బహామాస్ నుంచి పడవలో ఇంటికి: కస్టమ్స్ గురించి అపోహలు - వాస్తవాలు

ఫ్లోరిడా నుంచి బహామాస్‌కి తెరచాప పడవలు తీసుకెళ్లడం, తిరిగి తీసుకురావడం నా వృత్తి. కొత్తగా పడవ కొనుక్కున్న భార్యాభర్తలతో మొదటిసారి తోడు వెళ్లి దారి చూపించడం కూడా అందులో భాగమే. ఈ మధ్య వాళ్లలో మనవాళ్లూ కనిపిస్తున్నారు. వెళ్లేటప్పుడు అందరూ వాతావరణం, డీజిల్, మంచినీళ్లు, సరుకులు అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. తిరుగు ప్రయాణం మాటెత్తితే మాత్రం "ఇంటికేగా వచ్చేది!" అంటారు. ఇంటికే, కానీ మధ్యలో దేశం సరిహద్దు ఉంది. విమానాశ్రయంలో అయితే ఆ సరిహద్దు దగ్గర మనల్ని వరసలో నిలబెడతారు. సముద్రంలో నిలబెట్టేవాళ్లు ఉండరు, మనమే వెళ్లి చెప్పుకోవాలి. తరచూ నా చెవిన పడే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: రాత్రికి లంగరేసి పడుకుని, తెల్లారాక కస్టమ్స్‌కి చెబితే చాలు.

ఎక్కువమందిని ఇబ్బందిపెట్టేది ఇదే. నిబంధనల ప్రకారం పడవ అమెరికా రేవులో మొట్టమొదటిసారి ఆగిన క్షణమే ‘రాక’. గట్టుకి కట్టి ఆపినా, లంగరేసి ఆపినా తేడా లేదు. గ్రాండ్ బహామాలోని వెస్ట్ ఎండ్ నుంచి పామ్ బీచ్ దగ్గరి లేక్ వర్త్ ఇన్‌లెట్‌కి (సముద్రం నుంచి లోపలికొచ్చే దారికి) దాదాపు 55 నాటికల్ మైళ్లు. ఐదారు నాట్ల (గంటకి ఐదారు నాటికల్ మైళ్ల) వేగంతో వచ్చే పడవకి పొద్దంతా పట్టే దూరం. ఇన్‌లెట్ దాటి లోపలికొచ్చేసరికి చీకటి పడుతుంది, ఒళ్లు హూనమై ఉంటుంది, పక్క మీద వాలిపోవాలనిపిస్తుంది. కానీ లంగరు నేలని పట్టిందంటే మీరు వచ్చేసినట్టే. ‘వెంటనే’ తెలియజేయాలని చట్టం చెబుతోంది. అనుమతి వచ్చేదాకా ఎవరూ దిగకూడదు, ఏ సామానూ దించకూడదు. రిపోర్టు చేయడానికి తప్పనిసరైతే పడవ మాస్టర్, అంటే పడవకి బాధ్యత వహించే మనిషి, ఒక్కరే దిగాలి.

చెప్పకపోతే మొదటిసారి జరిమానా 5,000 డాలర్ల దాకా ఉంటుంది, ఆ తర్వాత ప్రతిసారీ 10,000 దాకా. పడవని స్వాధీనం చేసుకునే అధికారం కూడా వాళ్లకి ఉంది. బాధ్యతంతా మాస్టర్‌దే. దంపతుల్లో మాస్టర్ ఎవరని అడిగితే ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం నాకు అలవాటైన దృశ్యం. అదేదో తాళ్లు విప్పకముందే తేల్చుకోండి.

చేపలు పట్టడానికి సముద్రంలోకి వెళ్లి, ఏ పరాయి రేవులోనూ ఆగకుండా, మరో పడవ నుంచి ఏమీ తీసుకోకుండా వెనక్కి వస్తే ఈ గొడవ లేదు.

అపోహ: పసుపు జెండా కట్టుకుంటే ఆఫీసర్లే మన దగ్గరికి వస్తారు.

రారు. అంతర్జాతీయ సంకేతాల్లో అది ‘క్యూ’ జెండా. "మా పడవలో అంతా ఆరోగ్యంగా ఉన్నాం, రేవులోకి అనుమతి ఇవ్వండి" అని దాని అర్థం. కట్టడం మంచి పద్ధతే, కట్టండి. కానీ జెండా కట్టినంత మాత్రాన రిపోర్టు చేసినట్టు కాదు.

అపోహ: బహామాస్ మెరీనాలో వైఫై ఉన్నప్పుడే యాప్‌లో పంపేస్తే ఓ పనైపోతుంది.

సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు రక్షణ సంస్థ) వాళ్ల ‘సీబీపీ రోమ్’ అనే ఉచిత యాప్ గురించి ఈ మాట. సగం నిజం. ఖాతా తెరవడం, పాస్‌పోర్టుల ఫొటోలు ఎక్కించడం, పడవ వివరాలు నింపడం ముందే చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. కానీ రాకని పంపాల్సింది వచ్చాకే. ఎక్కడ ఆగారో కూడా అందులో చెప్పాలి.

అసలు ఎక్కడ తేలతారో నిర్ణయించేది చాలావరకు గల్ఫ్ స్ట్రీమ్. ఫ్లోరిడా తీరానికి, బహామాస్‌కి మధ్య ఉత్తరానికి పారే ఆ ప్రవాహం సగటున రెండున్నర నాట్ల వేగంతో పడవని పక్కకి తోసేస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకుని ముక్కు దక్షిణానికి తిప్పి పట్టకపోతే లేక్ వర్త్ అనుకున్నవాళ్లు ఇంకా పైన ఫోర్ట్ పియర్స్ దగ్గర తేలొచ్చు. ఉత్తరపు గాలి ఎదురైతే ఆ ప్రవాహంలో అలలు నిటారుగా లేస్తాయి. "సోమవారం ఆఫీసుంది" అని అలాంటి రోజు బయల్దేరడం కంటే లీవు పెట్టుకోవడం నయం.

వచ్చాక ఏమవుతుందంటే, వివరాలు పంపిన కాసేపటికి ఒక్కోసారి ఆఫీసర్ వీడియో కాల్ చేస్తారు. ఆ సమయానికి మీరు ఉప్పు పట్టిన మొహాలతో కాక్‌పిట్‌లో కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరూ మొహం చూపించాలి, ఏం తెస్తున్నారో చెప్పాలి. "ఏవండీ, వెలుతురుకి ఎదురుగా పెట్టండి, ఏం కనబడ్డం లేదు" అంటూ ఫోన్ చేతులు మారుతుంది. రెండు నిమిషాల పని, ఫోన్‌లో చార్జింగ్ ఉంటే. రోజంతా మ్యాపులు చూసి చూసి బ్యాటరీ చచ్చిపోయిన ఫోన్‌తో అమెరికాలో అడుగుపెట్టకండి. ఒక ఫోన్ ఆఫ్ చేసి పక్కన దాచుకోండి. యాప్ మొరాయిస్తే ఫోన్ చేసి కూడా రిపోర్టు చేయొచ్చు. సీబీపీ నంబర్లు కాగితం మీద రాసుకుని ఉంచుకోండి.

అపోహ: బహామాస్‌లోని బిమినీ మయామీకి యాభై మైళ్ల దూరమేగా, వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయినా ఫర్వాలేదు.

మనవాళ్లకి నేను చెప్పే మొదటి జాగ్రత్త ఇదే. కెనడా, మెక్సికోలకి 30 రోజులు మించకుండా వెళ్లొస్తే, వీసా గడువు తీరినా సరైన ఐ-94తో (ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే రాక రికార్డుతో) తిరిగి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. ‘ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్’ అంటారు. అది బహామాస్‌కీ వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. బహామాస్ లాంటి పక్క దీవుల విషయంలో ఆ సౌకర్యం ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకే, అదీ షరతులతో. హెచ్-1బికి లేదు. అంటే పాస్‌పోర్టులో వీసా గడువు దాటిన హెచ్-1బి భర్తగారు బిమినీలో ఒక్క రాత్రి ఆగినా, తిరిగి రావాలంటే కొత్త వీసా కావాలి. బహామాస్ రాజధాని నసావులో అమెరికా ఎంబసీ ఉందిగా అంటారు. సొంత దేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో దరఖాస్తు చేసుకోవాలని 2025 సెప్టెంబర్ నుంచి అమెరికా ప్రభుత్వం చెబుతోంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

వీసా సరిగ్గా ఉన్నా ఇంకో సంగతి ఉంది. అమెరికా పౌరులకి యాప్‌తో పని అయిపోవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లని మాత్రం ఐ-94 కోసం సాధారణంగా ఆఫీసుకి స్వయంగా రమ్మంటారు. భార్యకి అమెరికా పాస్‌పోర్టు, భర్తకి హెచ్-1బి ఉంటే, ఆ ఆఫీసుకి దగ్గరగా, అది తెరిచి ఉండే వేళకి చేరేలా ప్రయాణం వేసుకోండి.

లండన్ నుంచి బావగారో వదినగారో వచ్చి పడవ ఎక్కుతున్నారా? బ్రిటిష్ పాస్‌పోర్టుతో విమానంలో వచ్చేటప్పుడు పనికొచ్చిన ఎస్టా (వీసా లేకుండా రావడానికి ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి), సొంత పడవలో అమెరికాకి వచ్చేటప్పుడు పనికిరాదు. వీసా ఉండాలి.

అపోహ: స్టిక్కర్ పోయినేడు కొన్నాం, ఇంకా ఏడాది కాలేదు.

30 అడుగులు, ఆ పైన పొడవున్న పడవలకి కస్టమ్స్ రుసుం కట్టి డీకాల్ అనే ఈ స్టిక్కర్ తీసుకోవాలి. అది కొన్న రోజు నుంచి ఏడాది చెల్లేది కాదు. క్యాలెండర్ ఏడాదికే చెల్లుతుంది, డిసెంబర్ 31తో సరి. క్రిస్మస్‌కి వెళ్లి సంక్రాంతికి తిరిగొచ్చేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. కొత్త ఏడాదిది బయల్దేరకముందే ఆన్‌లైన్‌లో కొనేయండి.

అపోహ: ఒక్కొక్కరి దగ్గర పది వేల డాలర్ల లోపే ఉంటే చెప్పక్కర్లేదు.

కలిసి ప్రయాణం చేసే కుటుంబానికి మొత్తం కలిపి చూస్తారు. ఆయన దగ్గర ఆరు వేలు, ఆవిడ దగ్గర ఐదు వేలు ఉంటే పదకొండు వేలు, చెప్పి తీరాలి. డబ్బు ఎంతైనా తెచ్చుకోవచ్చు, దాచడమే నేరం.

అపోహ: సుంకం మినహాయింపు 800 డాలర్లు కాబట్టి ఆ లోపు ఏదైనా తెచ్చుకోవచ్చు.

మినహాయింపు వేరు, నిషేధం వేరు. ఒకే ఇంట్లో ఉండే దంపతులు తమ 800లని కలుపుకుని 1,600గా చూపించుకోవచ్చు, అది నిజం. 21 ఏళ్లు దాటినవాళ్లు మామూలుగా ఒక లీటరు మద్యం సుంకం లేకుండా తేవచ్చు. బహామాస్ నుంచైతే, అందులో ఒక లీటరైనా ఆ ప్రాంతపు సరుకే అయినప్పుడు రెండు లీటర్లు. కానీ నసావు దుకాణాల్లో దర్జాగా అమ్మే క్యూబా చుట్టలు ఒక్కటి కూడా తేకూడదు. మధ్యలో కొన్నాళ్లు సడలించారు గానీ, 2020 సెప్టెంబర్ నుంచి మళ్లీ నిషేధం. స్నేహితుల మాట విని కొనేవాళ్లు ఆ పాత రోజుల్లోనే ఉన్నారు.

గులాబీ అంచు క్వీన్ కాంక్ శంఖాలు మనిషికి మూడు దాకా ప్రత్యేక అనుమతి లేకుండా తేవచ్చు. నాలుగోది కావాలంటే సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) పత్రాలు కావాలి. పగడాల జోలికి అసలు పోకండి.

అపోహ: పట్టిన చేపని శుభ్రం చేసి, చర్మం తీసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే మంచిది.

వంటింట్లో మంచిదే. మాహి మాహి, స్నాపర్, గ్రూపర్ ముక్కలు అమెరికా జలాల్లోకి తేవాలంటే చర్మం మొత్తం అలాగే ఉండాలి, అది ఏ చేపో గుర్తుపట్టడానికి. రెండు ముక్కలని ఒక చేపగా లెక్కిస్తారు. బహామాస్ క్రూజింగ్ అనుమతి, చేపల అనుమతి, స్టాంపు పడిన పాస్‌పోర్టులు పడవలోనే ఉండాలి. గాలాలు సర్దేసి, ఎక్కడా ఆగకుండా తిన్నగా రావాలి. దారిలో "ఇంకొక్కసారి గాలం వేద్దాం" అన్నారంటే ఆ వెసులుబాటు పోయినట్టే.

అపోహ: సెయింట్ థామస్ అమెరికాదేగా, అక్కడినుంచి వస్తే కస్టమ్స్ ఎందుకు?

సెయింట్ థామస్ ఉన్న యూఎస్ వర్జిన్ ఐలాండ్స్ అమెరికావే, కానీ అమెరికా కస్టమ్స్ పరిధిలో లేవు. పక్కనున్న ప్యూర్టో రికో మాత్రం ఆ పరిధిలో ఉంది. అందుకే సెయింట్ థామస్ నుంచి ప్యూర్టో రికోకి చెందిన కులెబ్రా దీవికి వచ్చినా రిపోర్టు చేయాలి. ఊరటగా మినహాయింపు మాత్రం మనిషికి 1,600 డాలర్లు.

అపోహ: చెత్తకి కూడా కస్టమ్సా?

ఉంది మరి. విదేశంలో కొన్న తిండి తాలూకు తొక్కలు, మిగుళ్లు, మాంసం ముక్కలు నేరుగా మెరీనా చెత్తబుట్టలో వేయకూడదు, వాటితో తెగుళ్లు రావచ్చు. పండ్లు, పచ్చి మాంసం, గుడ్లు, మొక్కలు ఏవి మిగిలినా యాప్‌లో అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చెప్పినదాన్ని మహా అయితే తీసేసుకుంటారు, చెప్పనిదానికి జరిమానా వేస్తారు. నేనైతే చివరి రెండు రోజుల వంట ఫ్రిజ్ ఖాళీ అయ్యేలా చేయిస్తాను. పెంపుడు కుక్క ఉంటే 2024 ఆగస్టు నుంచి మరో పని కూడా ఉంది: దానికి ఆరు నెలలు నిండి ఉండాలి, మైక్రోచిప్ ఉండాలి, సీడీసీ (అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ) ఫారం నింపిన రసీదు ఉండాలి. ఆ రసీదుని ఫోన్ స్క్రీన్‌షాట్లలో వెతుక్కోకుండా, పాస్‌పోర్టుల కవర్లోనే ప్రింట్ తీసి పెట్టుకోండి.