కళ్లద్దాలు తీసినా కనిపించే దోమతెర చారలు

మా కింది వాటాలో ఉండే ఆయన కూతురు పైచదువులకు అప్లికేషన్లు పెడుతోంది. మొన్న ఆయన ఏదో విదేశీ యూనివర్సిటీ పరిశోధనల జాబితా ప్రింట్ తీసి పట్టుకొచ్చాడు. మొదటి పేజీలో కణజీవశాస్త్రం, తర్వాత కాంతిశాస్త్రం, ఇంకో రెండు పేజీలు తిప్పితే మధ్యయుగాల చర్చి సంగీతం. "మాస్టారూ, మొదటి రెండూ సరే. ఎనిమిది వందల ఏళ్ల కిందటి చర్చి పాటలతో ఇప్పుడు ఎవరికేం పని? ఈ మూడూ ఒకే చోట ఏం చేస్తున్నాయండీ?" అన్నాడు.

ఒకే చోటేమిటి, మూడూ ఒకే సూత్రం మీద నడుస్తాయన్నాను. టీ చల్లారిపోయేదాకా చెప్పాను. ఆయనకి ఎంతవరకు ఎక్కిందో తెలీదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

దోమతెరతో మొదలుపెడతాను. విశాఖలో అది లేకుండా పడుకునే ధైర్యం నాకు లేదు. నా చూపు మైనస్ మూడు. కళ్లద్దాలు తీస్తే తెరలో కన్నాలు కనిపించవు, పల్చటి పొగలా ఉంటుందంతే. కానీ తెర మడతపడి రెండు పొరలు ఒకదాని వెనక ఒకటి వేలాడే చోట వెడల్పాటి చారలు కనిపిస్తాయి. నలుపు, తెలుపు, మళ్లీ నలుపు. తల కాస్త కదిపితే అవీ పరిగెడతాయి. కన్నం కనపడని కంటికి చార ఎలా కనపడుతోంది?

వెనక పొర కాస్త దూరంగా ఉంది కాబట్టి దాని కన్నాలు కాస్త చిన్నగా ఆనుతాయి. ముందు పొరలో ఓ బెత్తెడు మేర 50 కన్నాలుంటే, అంతే మేరలో వెనక పొరవి 51 కనిపిస్తాయనుకోండి. ఒక చోట కన్నం వెనక కన్నం పడి వెలుతురు వస్తుంది. పోనుపోను కన్నం వెనక దారం పడి మూసుకుపోతుంది. బెత్తెడు తిరిగేసరికి మళ్లీ కలుస్తాయి. 51 లోంచి 50 పోతే ఒకటి. ఆ ఒకటే చార. రెండు సన్నటి నేతల తేడా మాత్రం లావుగా ఉంటుంది, పాడు కళ్లకి కూడా అందుతుంది.

ఇదే సంగతి శబ్దంలో జరిగితే ఇంటర్ పుస్తకంలో విస్పందనాలు అంటారు. సెకనుకి 200 కంపనాల తీగ, 203 కంపనాల తీగ కలిపి మీటితే సెకనుకి మూడుసార్లు శబ్దం లేచి పడుతుంది. మనం ఈ పాఠాన్ని ఒక తీసివేత లెక్కగా దించేశాం. రెండు మార్కులు, అయిపోయింది. నా సర్వీసంతా నేనూ అలాగే చెప్పాను, ఇందులో ఎవర్నో అనడానికి లేదు. తంబురా శ్రుతి చేసేవాళ్లని అడగండి, చెవితోనే చెప్తారు. వూం వూం వూం అని ఊగుతున్న తీగని బిగిస్తూ పోతే ఊపు నెమ్మదించి, నెమ్మదించి, ఓ చోట నిలిచిపోతుంది. ఊపు పెరిగిందంటే తిప్పాల్సింది రెండో వైపుకి.

ఇప్పుడు చర్చి పాట. ఐరోపాలో 9వ శతాబ్దపు లాటిన్ గ్రంథంలోనే ఒక పాటను రెండు గొంతులు జంటగా పాడే పద్ధతి రాసి ఉంది. గొంతుల మధ్య దూరం మన లెక్కలో స-మ, లేదా స-ప. 1163లో పారిస్‌లో నోత్ర్ దామ్ చర్చి కట్టడం మొదలైంది. అక్కడ లియోనాన్, పెరోటాన్ పేర్లతో చెప్పుకునే సంగీతంలో రెండు, మూడు, చివరికి నాలుగు గొంతులు కలిశాయి. ఆ పాటలు వచ్చి ఆగే చోటు స, ప, పై స. అంతర గాంధారం మీద ఆగడం అరుదు. మనకి అంత తియ్యగా వినిపించే స-గ జంటని వాళ్లు అసంపూర్ణమైన పొత్తు కింద జమకట్టారు.

కారణం చాలావరకు లెక్కలో ఉంది. వాళ్లు స్వరస్థానాలన్నీ పిథాగరస్ పద్ధతిలో, స-ప దూరాన్నే పదేపదే పేర్చి కట్టుకున్నారు. అలా కడితే గాంధారం కంపనాలు స కంపనాలకి 81/64 రెట్ల దగ్గర పడతాయి. తంబురా తీగలోంచి దానంతటదే పలికే గాంధారం 5/4, అంటే 80/64. తేడా 81/80. మనవాళ్లు ప్రమాణ శ్రుతి అన్నది దీన్నే. పిసరంత తేడా కదా అనిపిస్తుంది. కానీ ఏ స్వరం పలికినా దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, అలా పై కంపనాలూ సన్నగా పలుకుతాయి, వాటిని అనుస్వరాలంటారు. స 200 దగ్గర ఉంటే దాని అయిదో అనుస్వరం 1000. పిథాగరస్ గాంధారం 253.125, దాని నాలుగో అనుస్వరం 1012.5. రెంటికీ మధ్య సెకనుకి పన్నెండున్నర విస్పందనాలు! పాట ఆగి, విశ్రాంతి తీసుకోవాల్సిన చోట గొంతులు గరగరమంటాయి. స-ప జంటలో స మూడో అనుస్వరం 600కి ప రెండో అనుస్వరం 600 సరిగ్గా పడుతుంది, ఊపే లేదు. ఇప్పుడు రాస్ హిల్ మీది చర్చి నుంచి పెళ్లి పందిరి దాకా ఎక్కడ కీబోర్డు వాయించినా ఆ గాంధారం సెకనుకి దాదాపు ఎనిమిదిసార్లు ఊగుతూనే ఉంటుంది. మనం అలవాటు పడిపోయాం.

(432 హెర్ట్జ్ సంగీతం వింటే ఒంట్లో కణాలు బాగుపడతాయని వాట్సాప్‌లో తిరుగుతోంది. హెర్ట్జ్ అంటే సెకనుకి ఒకటి. సెకను, రోజుని మనిషి 86,400 ముక్కలు చేసి పెట్టుకున్న కొలత. మన పూర్వులు రోజుని 60 ఘడియలుగా, ఘడియని 60 విఘడియలుగా పంచుకున్నారు. విఘడియ అంటే 24 సెకన్లు. ఆ లెక్కన అదే స్వరం 10,368 అవుతుంది. కణానికి మన గడియారం సంగతి ఏం తెలుసు?)

సెకనుకి వందసార్లు కొట్టుకునేదాన్ని ఎవరూ లెక్కపెట్టలేరు. 1700 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో జోసెఫ్ సోవర్ లెక్కపెట్టాడు. ఆయనకి వినికిడి సరిగా లేదు, సంగీతకారుల చెవులు అరువు తెచ్చుకున్నాడు. 24కి 25 నిష్పత్తిలో ఉన్న రెండు ఆర్గన్ గొట్టాలు ఊదిస్తే సెకనుకి నాలుగు విస్పందనాలు వచ్చాయి. 24, 25ల మధ్య తేడా ఒక భాగం, ఆ భాగం విలువ నాలుగు. అంటే గొట్టాలు 96, 100. చెవికి అందింది నాలుగే, తేలింది వంద.

కణజీవశాస్త్రంలోకి రావడానికి ఈ ఎత్తు చాలు. మైక్రోస్కోపుకీ నా కళ్లలాంటి జబ్బే ఉంది. కాంతి తరంగం కాబట్టి, తరంగదైర్ఘ్యంలో సుమారు సగం కన్నా సన్నటి వివరం దానికి అలుక్కుపోతుంది. 1873లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబ్బె తేల్చిన హద్దు ఇది. మామూలు కాంతికి 200 నానోమీటర్లు, అంటే మైక్రాన్‌కి (మిల్లీమీటరులో వెయ్యో వంతుకి) అయిదు గీతలు. మైటోకాండ్రియా కనిపిస్తుంది, దాని లోపలి మడతలు కనిపించవు. కటకం ఎంత నునుపుగా సానబట్టినా లాభం లేదు.

2000లో మాట్స్ గుస్టాఫ్‌సన్ అనే శాస్త్రవేత్త కణం మీద మామూలు వెలుతురుకి బదులు చారల వెలుతురు వేశాడు. అది రెండో దోమతెర. కణంలో మైక్రాన్‌కి 9 గీతల నేత ఉందనుకోండి, కనపడదు. దానిమీద మైక్రాన్‌కి 5 గీతల వెలుతురు పడితే తేడా 4. అది హద్దు లోపలే ఉంది, కనపడుతుంది! వేసిన అయిదు మనకి తెలుసు, కనపడిన నాలుగు కలిపితే తొమ్మిది. అయితే నాలుగుని కలపాలా, తియ్యాలా? అయిదులోంచి పోతే ఒకటే కదా. అందుకే వెలుతురు చారల్ని కొంచెం కొంచెం జరిపి మూడు ఫొటోలు తీస్తారు. తంబురా తీగని బిగించి చూడటంలాంటిదే ఇది. మూడు దిక్కుల్లో మూడేసి, తొమ్మిది ఫొటోల్ని కంప్యూటర్ విడదీసి కలిపి కుడుతుంది. చారలు కూడా అదే కటకంలోంచి వెళ్లాలి కాబట్టి వాటి సన్నదనమూ అయిదుతోనే ఆగిపోతుంది. అయిదూ అయిదూ పది. అందుకే ఈ పద్ధతి చూపుని రెట్టింపు చేసి 100 నానోమీటర్ల దగ్గర ఆగుతుంది.

ఒక్క చిక్కుంది. తేడా పుట్టాలంటే రెండూ కలిస్తే చాలదు, గుణించుకోవాలి. అలని లెక్కల్లో రాసే కొసైన్‌ని ఇంకో కొసైన్‌తో గుణిస్తేనే మొత్తమూ తేడా బయటికొస్తాయి. వెలుతురు రెండు తెరల్నీ దాటాలి, అది గుణకారం. వెలుతురూ ఉండి, కణానికి పట్టించిన మెరిసే రంగూ ఉన్న చోటే కణం మెరుస్తుంది, అదీ గుణకారమే. శబ్దాలు గాలిలో ఊరికే కలుస్తాయి, కానీ తీవ్రత అల ఎత్తు వర్గంతో నడుస్తుంది కాబట్టి వర్గంలో గుణకారం దొరుకుతుంది.

అణువు కూడా గుణిస్తుంది. దాని కంపనంతో పాటు కాంతిని వెదజల్లే శక్తీ ఊగుతుంది. కొవ్వు అణువుల్లో కార్బన్-హైడ్రోజన్ జంట సెకనుకి సుమారు 87 లక్షల కోట్ల సార్లు కంపిస్తుంది. దానిమీద సెకనుకి 564 లక్షల కోట్ల కంపనాల పచ్చ కాంతి వేస్తే, చెదిరే కాంతిలో అతి కొద్ది పాలు 477 దగ్గర, ఎర్రగా వస్తుంది. తేడా చూస్తే ఆ అణువేదో తెలిసిపోతుంది. కణంలో కొవ్వు ఎక్కడుందో రంగు వెయ్యకుండానే పట్టేస్తున్నారిప్పుడు.

ఈ చెదరడాన్ని 1928లో కలకత్తాలో కనిపెట్టిన సి.వి. రామన్ చదువు మన ఊళ్లోనే మొదలైంది. తండ్రి ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. కుర్రాడు పదకొండో ఏట ఇక్కడే మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. ఇది చెప్పగానే కింది వాటా ఆయన ముఖం వెలిగింది. "అదీ మాస్టారూ, పరిశోధనంటే అలా ఉండాలి. అంతకుముందు ఆయన దేనిమీద పనిచేశారు?"

మృదంగం మీద, అన్నాను.